కొండలోయలో పూటకూటిల్లు

పూటకూటిల్లు మన సాహిత్యానికి క్రొత్త కాదు. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీథులు తిరుగుతూ ఒక్క రూకకు కమ్మని భోజనం పెట్టే పూటకూళ్ళ యింటిని కొనియాడుతారు. ఆ నాటి పట్టణవాసి ఏమి తిన్నాడో, దేనిని మెచ్చాడో రాజుల శాసనాలకన్న ఆ ముచ్చటే మనకు చక్కగా చెబుతుంది. బాటసారి ఆగే చోట ఊరి బ్రతుకు కొంత బయటపడుతుంది. అట్టి యిల్లు ఒకటి ఇంగ్లండు దేశంలో, వాస్‌డేల్ అనే లోయ కొసన ఉన్నది. దాని చరిత్రను, దానిని పోషించిన లోయ చరిత్రను జతగా చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంగ్లండు వాయవ్య భాగాన లేక్ డిస్ట్రిక్టు అనే సరస్సుల సీమ ఉన్నది. అందులో పడమటి వైపున, కొండల నడుమ ఒదిగిన లోయ వాస్‌డేల్. లోయలో సుమారు మూడు మైళ్ళ పొడవున వాస్ట్‌వాటర్ సరస్సు; దాని లోతు 258 అడుగులు, ఇంగ్లండులో అంత లోతైన సరస్సు మరి లేదు. పైన నిలిచిన స్కాఫెల్ పైక్ శిఖరం ఎత్తు 978 మీటర్లు. ఆ దేశంలో అంతకు మించిన శిఖరమూ లేదు. సరస్సు ఒడ్డున వచ్చే బాట లోయ కొసన ఆగిపోతుంది. స్టై హెడ్ కనుమ మీదుగా బండ్లబాట వేయాలని ప్రతిపాదనలు వచ్చినవి గాని అవి నెరవేరలేదు. నేటికీ ఆ కనుమ దాటవలసినవారు కాలినడకనే దాటుతారు.

ఈ పేర్లలో ఒక భాషావిశేషం ఉన్నది. సుమారు వెయ్యేండ్ల క్రిందట స్కాండినేవియా జాతులవారు ఈ ప్రాంతంలో స్థిరపడినారు. వారి భాషలో 'వత్న్' అంటే నీరు, 'డాల్ర్' అంటే లోయ. వాస్‌డేల్ అంటే నీటిలోయ. ఆ అర్థం మరుగున పడిన తరువాత వచ్చినవారు సరస్సుకు 'వాటర్' అనే మాటను మళ్ళీ తగిలించారు. మనవారు 'నడిమధ్య' అన్నట్లే అక్కడ నీటికి నీరు తోడైనది.

లోయలో అడుగుపెట్టినవారిని మొదట ఆకర్షించేవి రాతిగోడలు. సున్నం లేదు, మట్టి లేదు. రాతిమీద రాయి పేర్చి కట్టిన గోడలు పొలాలను వలలాగా చుట్టుకొని ఉంటవి. కొన్ని గోడలు అవసరానికి మించి ఎంతో వెడల్పు. కారణం సులభమే. పచ్చిక మొలవాలంటే నేలలోని రాళ్ళు ఏరివేయాలి. ఏరిన రాళ్ళకు చోటు కావాలి. గోడలకు పట్టనివి పొలాల మధ్య గుట్టలై మిగిలినవి. ఆ గోడలు దాటితే కొండమీద హెర్డ్‌విక్ జాతి గొఱ్ఱెలు మేస్తవి. కంచె లేని కొండమీద తమ మేతచోటు ఏదో పిల్ల తల్లి వెంట తిరిగి నేర్చుకొంటుంది. అందుచేత పొలం చేతులు మారినా మందను అక్కడే వదలిపోయే ఆచారం ఉన్నది.

ఈ లోయలోనే 1808లో విల్ రిట్సన్ జన్మించాడు. ఆయన రైతు, వేటగాడు, మల్లయోధుడు. సరస్సుల అందాన్ని కవులు లోకానికి చాటిన తరువాత యాత్రికులు ఈ మారుమూలకు కూడ రాసాగారు. రిట్సన్ తన యింటికి కొంత భాగం చేర్చి, 1856లో అనుమతి పొంది, 'హంట్స్‌మన్స్ ఇన్' అనే పేరుతో పూటకూటిల్లు తెరిచాడు. నేటి వాస్‌డేల్ హెడ్ ఇన్‌కు మూలం అదే.

అతిథులు భోజనానికి ఎంత వచ్చేవారో ఆయన మాటలకూ అంత వచ్చేవారు. రిట్సన్ గొప్ప కోతలరాయుడు. తమ లోయలో టర్నిప్పు దుంపలు ఎంత పెద్దవంటే, ఆదివారం కూరకు జనం వాటిని గనిలాగా తవ్వుకొంటారనీ, తొలిచిన దుంపలు తరువాత గొఱ్ఱెలకు కొట్టాలవుతవనీ ఆయన చెప్పేవాడట. అబద్ధాల పోటీలో తన వంతు రాగా, "నేను అబద్ధం ఆడలేను, నన్ను విడిచిపెట్టండి" అన్నాడనీ, బహుమతి ఆయనకే దక్కిందనీ మరొక కథ. లోతైన సరస్సు, ఎత్తైన శిఖరం, చిన్న చర్చి, పెద్ద అబద్ధాలకోరు — ఈ నాలుగూ తమవేనని ఆ లోయవాసులు చెప్పుకొంటారు. మొదటి రెండూ కొలతకు నిలిచినవి; మూడవదానికి పోటీదారులున్నారు; నాల్గవదానిపై ఎవరికీ వివాదం లేదు.

ఇది అతిశయోక్తి అలంకారమని తెలుగు విద్యార్థులు వెంటనే గుర్తిస్తారు. అయితే దాని పుట్టుకను కూడ గమనించాలి. రాళ్ళు ఏరి ఏరి చేతులు కాయలు కాచిన రైతు నోట కొండంత దుంప మొలిచినది. పట్టణపు అతిథి ఆ కోతకు నవ్వుకొన్నాడు. ఆ నవ్వు వెనుక పేదనేల మీద బ్రతికినవాని కల ఉన్నదని నేను అనుకొంటాను.

రిట్సన్ 1890లో మరణించాడు. అప్పటికే ఆ యింటి కీర్తి మరొక దారి పట్టినది. 1881లో హాస్కెట్ స్మిత్ అనే ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి మిత్రులతో కలసి సెలవులలో చదువుకోవడానికి అక్కడికి వచ్చాడు. పుస్తకాలకన్న కొండచరియలు ఆయనను ఎక్కువగా లాగినవి. 1886 జూన్‌లో గ్రేట్ గేబుల్ కొండ ప్రక్కన సూదివలె నిలిచిన నేప్స్ నీడిల్ అనే శిలను త్రాడు లేకుండా, ఒంటరిగా ఎక్కి, గుర్తుగా కొనమీద చేతిరుమాలు ఉంచి దిగాడు. శిలారోహణం ఒక క్రీడగా బ్రిటన్‌లో అప్పుడే జన్మించినదని చెప్పడం పరిపాటి. ఏబది యేండ్ల తరువాత, 1936లో, ఆ వృద్ధుడు త్రాడు సాయంతో మళ్ళీ ఆ శిల ఎక్కాడు.

ఆ సూదిశిల ఛాయాచిత్రాన్ని లండన్‌లో ఒక అంగడి కిటికీలో చూచి ఓవెన్ గ్లిన్ జోన్స్ ఈ లోయకు వచ్చాడు. ఆయన ఉపాధ్యాయుడు, సెలవులు వస్తే చాలు, కొండలకు చేరేవాడు. 1897లో ఆయన ఈ ప్రాంతపు శిలారోహణంపై ప్రసిద్ధ గ్రంథం ప్రకటించాడు. 1899లో ఆల్ప్స్ పర్వతాలలో జారిపడి మరణించాడు. ఆ కాలంలో హోటలు నడవ నిండా మేకుల బూట్లు, త్రాళ్ళు ఉండేవి. వానపడిన సాయంకాలాలలో అతిథులు బిలియర్డు బల్ల చుట్టూ నేల తాకకుండా ప్రాకి బలం చూపేవారు. ఎవరు ఏ శిలను ఏ దారిన ఎక్కారో వ్రాయడానికి హోటలులో 1890లో ఒక పుస్తకం ఏర్పడినది.

మృతుల పేర్లు కూడ ఈ లోయలో నిలిచినవి. 1903లో స్కాఫెల్ మీద నలుగురు ఒకే త్రాటిపై జారిపడి మరణించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించినవారి స్మారకంగా స్కాఫెల్ పైక్ శిఖరాన్ని దాని యజమాని 1919లో జాతికి దానం చేశాడు. యుద్ధంలో తమ సభ్యులను కోల్పోయిన ఆరోహకుల సంఘం 1924లో గ్రేట్ గేబుల్ శిఖరంపై వారి పేర్లు చెక్కిన ఫలకం ఆవిష్కరించినది.

ఇన్ని పేర్లు నిలిచిన లోయలో గోడలు కట్టినవారి పేర్లు లేవు. 1901 వరకు అక్కడి చిన్న చర్చికి శ్మశానభూమి కూడ లేదు. లోయవాసి చనిపోతే శవాన్ని గుఱ్ఱం మీద కట్టి, బర్న్‌మూర్ మిట్ట దాటించి, ప్రక్క లోయకు తీసుకొనిపోయేవారు. బ్రతికినంతకాలం తాము రాళ్ళు ఏరిన నేలలో ఆ రైతులకు ఆరడుగుల చోటు దొరకలేదు.

2017లో యునెస్కో సరస్సుల సీమను ప్రపంచ వారసత్వంగా గుర్తించినది. ఆ గౌరవం కొండలకూ సరస్సులకూ మాత్రమే దక్కినది కాదు; శతాబ్దాలుగా గొఱ్ఱెల కాపరులు, రైతులు తీర్చిన నేలకు కూడ దక్కినది. హోటలు పుస్తకంలో సంతకం చేయనివారి పనిని లోకం ఆ విధంగా చదివినది. ఉపాధ్యాయులు స్థానిక చరిత్ర చెప్పేటప్పుడు సత్రపు శిలాఫలకం మీది దాత పేరు విద్యార్థులచే తప్పక చదివించాలి. ఆ తరువాత, ఆ ఫలకం వెనుక గోడకు రాళ్ళెత్తినవారు ఎవరని కూడ వారిచేత అడిగించాలి.