గోడపత్రికకు ఖర్చెవరిది?

ఖమ్మమునుండి బెజవాడకు బోవు రైలుమార్గమున బోనకల్ ఒక చిన్న స్టేషను. అచట రైలెక్కి పట్నపు కళాశాలకు పోవు విద్యార్థి తన యూరి కౌలురైతు గోడును, హాస్టలు భోజనపు వెలితిని వ్రాయ సంకల్పించినచో, వానికి ముందుగా కావలసినది ఆవేశము గాదు, కాగితము. మైదాపిండి నుడికించి అంటించిన గోడపత్రిక మొదటి వానకే జారిపోవును. సైక్లోస్టైల్ కాలమున స్టెన్సిలుపై నొక్క తప్పు దొరలినను ఎఱ్ఱని ద్రవము పూసి, ఆరువఱకు వేచి, మరల అక్షరము కొట్టవలసియుండెను. ఖర్చు స్వల్పమే, కాని ప్రతి సంచికకును తప్పనిది. చందాలన్ననో పరీక్షలు రాగానే యెండిపోవును.

అమెరికాలో 2005లో ఆరంభమైన ‘క్యాంపస్ ప్రోగ్రెస్’ అను సంస్థ ఈ చిక్కు నెఱిగి, అభ్యుదయ విద్యార్థిపత్రికలకు ధనసహాయముతోబాటు శిక్షణయు నొసగినది. మన యొద్ద ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954లో పత్రికారచనాశాఖ వెలసినది. కాని అది వృత్తివిద్యకు బాట.

ధనముకంటె శిక్షణయే మేలని నా తలంపు. దాత యెంత మంచివాడైనను, అచ్చునకు ముందు వార్త చూపుమని యడిగిన దినమున పత్రిక వానిదగును. శిక్షణ యట్లుగాదు: మెస్సు లెక్కలపై వ్రాయువాడు వార్డెను మాటయు వినవలెనని, 2005 సమాచార హక్కు చట్టము క్రింద లెక్కలడిగినచో సాధారణముగా 30 దినములలో జవాబు రావలెనని నేర్పును. కేంద్ర కార్యాలయములకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు.