గుర్రం గాయానికి తోచిన ఇంజెక్షన్ వేయించకండి

పాడేరు మన్యంలో బరువులు మోసే గుర్రానికైనా, పెళ్లి ఊరేగింపుల్లో తిప్పే గుర్రానికైనా ఎక్కువగా కనిపించేవి జీను ఒరుసుకుని వీపు మీద పడే పుండ్లు, ముళ్లకంచె గీరుకున్న కాలి గాయాలు. గాయం కనబడగానే మందుల షాపుకి పరుగెత్తే అలవాటు మనది. ముందు కావలసింది నీళ్లు.

లీటరు నీటిని మరిగించి చల్లార్చి, సుమారు 9 గ్రాముల ఉప్పు (చిన్న చెంచాతో ఒకటిన్నర) కలపండి. పెద్ద సిరంజితో గాయంలోని మట్టి పోయేవరకు ధారగా కొట్టండి. బూడిద, పేడ, కిరోసిన్ పెట్టకూడదు. శుభ్రంగా ఉన్న చిన్న గాయం చాలావరకు యాంటీబయాటిక్ లేకుండానే మానుతుంది. జీను పుండుకైతే జీను సరిచేసి, పుండు మానేదాకా బరువు ఆపకపోతే ఏ మందూ పనిచేయదు.

ధనుర్వాతం మాత్రం మరచిపోవద్దు. మిగతా పశువుల కంటే గుర్రానికి ఇది సులువుగా వస్తుంది. గిట్టలో మేకు దిగిన చిన్న రంధ్రం చాలు. టీకా వేయించారో లేదో డాక్టరుకు చెప్పండి. కీలు దగ్గర గాయమై, లేత పసుపు రంగులో జిగట ద్రవం కారుతుంటే అదే రోజు చూపించాలి. ఆలస్యమైతే గుర్రం జీవితాంతం కుంటవచ్చు.

చీము, వాపు, జ్వరం ఉంటే యాంటీబయాటిక్ అవసరం కావచ్చు. కానీ ఏది? అవసరం లేకుండా, లేదా తక్కువ మోతాదులో మందు వాడితే దానికి లొంగే సూక్ష్మజీవులు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. ఆ తర్వాత అదే మందు ఎన్నిసార్లు వేసినా పుండు మానదు. ఎంఆర్‌ఎస్‌ఏ అనే మొండి స్టెఫైలోకాకస్ రకం ఇలాంటిదే. పెన్సిలిన్ దానిపై పనిచేయదు. గుర్రం నుంచి మనిషికీ, మనిషి నుంచి గుర్రానికీ అంటుతుంది. అందుకే పుండు కడిగేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

మానని పుండుకు ల్యాబ్ పరీక్ష అడగండి. వీలైతే కొత్త మందు మొదలుపెట్టకముందే గాయం లోపలి నుంచి దూదిపుల్లతో నమూనా తీస్తారు. ఏ మందుకు సూక్ష్మజీవి లొంగుతుందో కొద్ది రోజుల్లో తెలుస్తుంది. ఖర్చే, కానీ పనిచేయని ఇంజెక్షన్ల ఖర్చు కంటే నయం.

ఇంకో సంగతి. గేదెకు మిగిలిన మందు గుర్రానికి వేయకండి. లింకోమైసిన్ లాంటివి గుర్రం పేగుల్లోని మేలుచేసే జీవులను చంపి, ప్రాణం తీసే విరేచనాలు తెస్తాయి.

సాయానికి 1962కి ఫోన్ చేయవచ్చు. ఇప్పటివరకు ఏ మందు, ఎన్ని రోజులు వేశారో దాచకుండా చెప్పండి. ఖాళీ సీసా ఉంటే పారేయకుండా డాక్టరుకు చూపించండి.