పెరట్లో మొలిచిన కొత్త మొక్కను పోల్చుకోవడం ఎలా?

తొలకరి తరువాత పెరట్లోనూ పూలకుండీల్లోనూ విత్తకుండానే లేచే మొక్కల్లో కూరకు పనికివచ్చే గంగవాయిలి ఉండవచ్చు, తాకితే కొందరికి దురద, దద్దుర్లు తెప్పించే వయ్యారిభామ కూడా ఉండవచ్చు. ఆకు రూపాన్ని బట్టి పేరు చెప్పడం పరిపాటే అయినా, ఒకే మొక్కకు నీడన పెరిగిన ఆకులు వెడల్పుగా, ఎండకు పెరిగినవి చిన్నవిగా ఉండే అవకాశం ఉన్నందున, వృక్షశాస్త్రజ్ఞులు ఆకు కొలత కంటే మొక్క నిర్మాణంలో స్థిరంగా ఉండే లక్షణాలకే ఎక్కువ విలువ ఇస్తారు.

అందులో మొదట చూడవలసినది కణుపు, అంటే ఆకు కాండం నుంచి పుట్టే చోటు. కణుపుకు ఒక్కొక్క ఆకే ఉంటే దానిని ఏకాంతర విన్యాసమనీ, రెండేసి ఎదురెదురుగా ఉంటే అభిముఖ విన్యాసమనీ, మూడు లేదా అంతకంటే ఎక్కువ ఆకులు చుట్టూ ఉంటే చక్రీయ విన్యాసమనీ అంటారు. మందార, తులసి, ఎర్రగన్నేరు వరుసగా వీటికి ఉదాహరణలు.

ఆ తరువాత తేల్చుకోవలసినది ఆకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న విషయం. చింతాకులా అనేక చిన్న భాగాలుగా చీలిన ఆకును సంయుక్త పత్రమనీ, ఆ భాగాలను పత్రకాలనీ పిలుస్తారు. పెరళ్లలో విరివిగా కనిపించే నేల ఉసిరిని పైనుంచి చూస్తే అదీ చింతాకు వంటి సంయుక్త పత్రమే అనిపిస్తుంది గాని, రెమ్మను వెనక్కి తిప్పి చూస్తే ప్రతి చిట్టి ఆకు మొదట్లోనూ ఆవగింజలంత పూలో, గుండ్రని కాయలో వరుసగా కనిపిస్తాయి. మొగ్గలు, పూలు ఆకు మొదట్లో వస్తాయే తప్ప పత్రకం మొదట్లో రావు కనుక, అక్కడి ప్రతి చిట్టి ఆకూ పూర్తి ఆకే, వాటిని మోసే పుల్ల ఆకుకాడ కాక చిన్న కొమ్మ అని తేలుతుంది. నేల ఉసిరి పేరుతో పిలిచే మొక్కల్లోనూ కాయ నున్నగా ఉండి చిన్న కాడతో వేలాడితే ఫిల్లాంథస్ అమారస్ అనీ, గరుకుగా ఉండి కాడ దాదాపు లేకపోతే ఫిల్లాంథస్ యూరినేరియా అనీ గుర్తించవచ్చు.

ఇలా రెండు విరుద్ధ లక్షణాల్లో ఒకదానిని ఎంచుకుంటూ ముందుకు సాగే పద్ధతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ 1778లో తన గ్రంథంలో ప్రయోగించాడు. తెలుగునాట మొక్కల అధ్యయనానికి సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరపు మొక్కలను సేకరించి బొమ్మలు వేయించిన విలియం రాక్స్‌బర్గ్ కృషి, 1915లో వెలువడడం మొదలైన గ్యాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం ఆధారాలుగా నిలిచాయి.

సెల్‌ఫోన్ యాప్‌లు ఫోటోను పోల్చి పేర్లు సూచించగలవు గాని, ఒక్క ఆకు ఫోటోలో కణుపు, ఆకు అడుగుభాగం, పువ్వు, కాయ కనిపించవు కనుక వాటన్నిటినీ విడివిడిగా తీసి, యాప్ చెప్పిన పేరును ఆ లక్షణాలతో సరిచూసుకోవాలి. నిపుణులకు చూపదలిస్తే పూత ఉన్న రెమ్మను పాత వార్తాపత్రికల మధ్య బరువు కింద ఆరబెట్టి, ఎండితే తెలియకుండా పోయే పూల రంగును, వాసనను, తుంచితే పాలు కారాయో లేదో అన్న సంగతిని సేకరించిన చోటు, తేదీలతో పాటు రాసి ఉంచడం మేలు. రుచి చూసి గుర్తించే ప్రయత్నం మాత్రం ప్రమాదకరం; ఉమ్మెత్త, గన్నేరు వంటి విషపు మొక్కలు పెరళ్లలో అరుదు కావు.

పువ్వు, కాయ లేకుండా నిర్ధారణ కష్టం కనుక ఒకటి రెండు మొక్కలను పూత వరకు ఉంచడం మంచిదే అయినా, ఈ సడలింపు వయ్యారిభామకు వర్తించదు. నేలకు పరుచుకున్న లోతైన చీలికల ఆకులతో లేత దశలోనే అది అనుమానానికి తావిస్తుంది. ఒక్కో మొక్క వేల విత్తనాలను రాల్చగలదు కనుక, ఆనవాలు తేలిన వెంటనే చేతికి తొడుగు వేసుకుని పూతకు ముందే వేళ్లతో సహా పెకలించాలి.