రాయి చెప్పింది, మైసమ్మ కాచింది

గ్రీసులో మైసీనె అనే పాత కోట ఉంది. క్రీస్తుపూర్వం 13వ శతాబ్దం నాటి దాని గోడల్లో కొన్ని రాళ్లు టన్నుల బరువు తూగుతాయి. తర్వాతి తరాల గ్రీకులు వాటిని చూసి, ఇది మనుషుల పని కాదు, సైక్లోప్‌లనే ఒంటికన్ను రాక్షసులు పేర్చారని తేల్చేశారు. తెలంగాణ పల్లెలు కూడా అలాగే తేల్చాయి. ఇనుపయుగపు రాతి సమాధులను మనవాళ్లు రాకాసి గుళ్లన్నారు. కీసరగుట్ట మీద ఎక్కడపడితే అక్కడ శివలింగాలు కనబడితే, కాశీ నుంచి తెచ్చేసరికి ఆలస్యమై, రాముడి ప్రతిష్ఠకు పనికిరాకుండా పోయాయన్న కోపంతో హనుమంతుడు విసిరేసినవన్నారు. ఆ గుట్ట దగ్గరే విష్ణుకుండినుల కాలపు కోట, కట్టడాల ఆనవాళ్లు తవ్వకాల్లో బయటపడ్డాయి. చరిత్రకు అందని చోట జనం కథ అల్లుకున్నారు.

అయితే కథ పని అంతటితో అయిపోలేదు. నేల ఏం కావాలని అడిగిందో, దాన్ని మనుషుల చేత చేయించింది కూడా కథే. ఇందుకు సాక్ష్యం కోసం గ్రీసు దాకా పోనక్కర్లేదు, హైదరాబాద్ శివార్లలోని హయత్‌నగర్ నుంచి ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే చాలు.

ఈ దారి పొడవునా కనిపించే గుండ్లు, గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. నేలకింద కూడా అదే రాయి. వాన నీరు పగుళ్లలోకి ఇంకిందే లెక్క, మిగిలింది వాలు పట్టుకుని వెళ్లిపోతుంది. కృష్ణా గోదావరులు దూరాన, లోతున పారతాయి. వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. ఇలాంటి చోట ఏడాదంతా బతకాలంటే ఒకటే దారి: వాలుకు అడ్డంగా కట్ట వేసి నీటిని నిలబెట్టడం. పై చెరువు అలుగు దూకితే కింది చెరువు నిండాలి. అలా పుట్టినవే గొలుసుకట్టు చెరువులు. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కకు వచ్చాయంటే దాని వెనక ఉన్నది ఈ రాతినేలే.

గ్రీసు నేల అడిగింది వేరు. అక్కడ కొండలు నేలను ముక్కలు చేశాయి. ఒక్కో లోయలో ఒక్కో నగరరాజ్యం వెలిసింది, వాటిని కలిపింది సముద్రం. గోధుమ పండే నేల తక్కువ, ఆలివ్ మాత్రం రాతినేలలోనూ బతుకుతుంది. ఏథెన్స్ కోసం ఇద్దరు దేవతలు పోటీపడిన కథలో పొసైడన్ ఉప్పునీటి ఊట ఇచ్చాడు, ఎథీనా ఆలివ్ చెట్టు ఇచ్చింది. ఊరు ఎథీనాకు దక్కింది. ఆ తీర్పు చెప్పింది నేలే అనుకోవచ్చు.

మన ఊళ్లలో ఎథీనా స్థానం కట్ట మైసమ్మది. చెరువు కట్ట మీద ఆమె కూర్చున్న చోటు చూడండి. కట్ట తెగితే ఊరూ పంటా కొట్టుకుపోయే చోటది. నీరడి తూము తీసి ఆయకట్టుకు నీళ్లు వంతులవారీగా వదులుతాడు, మైసమ్మ కట్టను కాస్తుంది. కట్ట మీద గొడ్డలి వేయాలన్నా, మట్టి తవ్వుకుపోవాలన్నా ఎవరికైనా చేయి వణకాలి. ఏ అధికారీ అంత చవకగా కాపలా కాయలేడు. ఈ భయానికి రెండో ముఖమూ ఉంది. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రంలో తెగబోతున్న కట్టకు ముసలమ్మ అనే కోడలు బలైపోయిన కథ మన జానపదంలో ఉంది, కట్టమంచి రామలింగారెడ్డి కావ్యానికి మూలం అదే. చెరువు విలువను అంత భయంకరంగా చెప్పే కథలు అరుదు. త్యాగమని పొగిడే ముందు ఆ బరువు కోడలి మీదే ఎందుకు పడిందో అడగాలి.

భయం ఒక పక్క, పుణ్యం ఇంకో పక్క. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి, అంటే కొడుకును కన్నంత పుణ్యం. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో, 1213లో, రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించాడు. పక్కనే రామప్ప చెరువూ ఉంది. పాకాల చెరువు కూడా ఆ రాజు కాలానిదే. గుడి, చెరువు, ఊరు మూడూ కలిపే కట్టడం కాకతీయుల సామంతుల పద్ధతి. ఆ తర్వాత రాజ్యం మారినా, మతం మారినా నేల అడిగింది మారలేదు. ఇబ్రహీంపట్నానికి పేరిచ్చిన గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా కాలంలోనే హుస్సేన్‌సాగర్ తయారైంది. అదే వంశపు హయాత్ బక్షీ బేగం పేరు మోస్తున్న హయత్‌నగర్‌లో మసీదు పక్కనే పెద్ద బావి ఉంది.

చెరువు కిందకు రాని మెట్టనేల గొర్రెలది. దానికి మల్లన్న దేవుడు. కొమురవెల్లి మల్లన్నకు ఇద్దరు భార్యలు, లింగబలిజల మేడలమ్మ, గొల్లల కేతమ్మ. వ్యాపారులూ కాపరులూ ఒకే గుట్ట దగ్గర కలవాలంటే ఇంతకంటే తెలివైన పెళ్లి ఏముంటుంది? ఒగ్గు కళాకారులు ఆ కథను ఇప్పటికీ పాడుతున్నారు.

భూగోళమే అంతా చేసిందనడం సరికాదు. ఇలాంటి రాతినేల ప్రపంచంలో చాలాచోట్ల ఉంది, అన్నిచోట్లా చెరువుల గొలుసులు లేవు. నేల అవసరం చూపించింది, కట్టడానికి డబ్బునూ కాపాడడానికి భయాన్నీ సమకూర్చింది నమ్మకం.

ఇప్పుడు నమ్మకం మిగిలింది, నేల సంగతి మరిచిపోయాం. బోనాలు ఘనంగా సాగుతాయి, చెరువు నీరు నిలిచే శిఖం భూముల్లో కాలనీలు లేస్తాయి. 2020 అక్టోబరులో ఒక్క రోజులోనే హయత్‌నగర్‌లో 30 సెంటీమీటర్ల దరిదాపుల్లో వాన కురిసినప్పుడు నీళ్లు పాత దారే వెతుక్కున్నాయి. నగర శివార్లలో ప్లాటు కొనబోయేవారికి ఒక మాట: కాలనీ మధ్యలో కట్ట మైసమ్మ గుడి కనిపిస్తే, దండం పెట్టుకుని అక్కడ కట్ట ఎటు పోయిందో అడగండి. పాత గ్రామ నక్షాలో శిఖం ఎంతవరకు ఉందో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.