మనిషినే బంతి చేస్తే?

జపాన్‌ యానిమే (కార్టూన్‌) కథ డ్రాగన్‌ బాల్‌లో టెన్‌ షిన్‌హాన్‌ అనే యోధుడికి ఓ తమాషా దెబ్బ ఉంది. పేరు వాలీబాల్‌ ఫిస్ట్‌. ఇక్కడ బంతి ఎవరనుకున్నారు? సాక్షాత్తూ కథానాయకుడు గోకూయే! ముంజేతులు జోడించి అతన్ని పైకి లేపుతాడు, వేళ్లతో ఇంకాస్త ఎత్తిపెడతాడు, ఆపైన ఎగిరి నేలకేసి ఒక్క స్మాష్‌. వాలీబాల్‌లో జట్టంతా కలిసి చేసే పని ఇతనొక్కడే చేసేస్తాడన్నమాట.

జపాన్‌లో వాలీబాల్‌ మోజు పాతదే. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఆ దేశపు మహిళల జట్టు స్వర్ణం గెలిచింది. 1969లో వాలీబాల్‌ మీదే ఒక టీవీ యానిమే వచ్చింది.

సరే, బంతి అయినవాడు తప్పించుకోలేడా? పక్కకి దూకాలంటే కాలితో నేలను తన్నాలి. గాల్లో తన్నడానికి ఏముంది? కాళ్లూ చేతులూ ఎంత ఆడించినా, విసిరిన దారిలోనే వెళ్లి పడాల్సిందే. ఎక్కడ పడతాడో కిందున్నవాడు ముందే కనిపెట్టేస్తాడు.

ఫైటింగ్‌ వీడియో గేముల్లో ‘జగ్లింగ్‌’ అనేది ఇదే. పైకి లేపి, కింద పడనివ్వకుండా వరసగా కొట్టడం. అలా ఎంతసేపైనా కొట్టనిస్తే అవతలివాడు కంట్రోలర్‌ పక్కన పెట్టి కూర్చోవాలి! అందుకే చాలా గేముల్లో దెబ్బదెబ్బకీ నష్టం తగ్గుతూ పోతుంది.

నిజంగా చేస్తే? వాలీబాల్‌ బరువు 260 నుంచి 280 గ్రాములు. 27 కిలోల పిల్లాడు దానికి దాదాపు వంద రెట్లు. వాణ్ణి వేళ్లతో ఎత్తబోతే ముందు విరిగేది మీ వేళ్లే.