మీకు తెలుసా? ఎవరెస్ట్ మీద 70 డిగ్రీలకే నీళ్లు మరుగుతాయి!

ఎవరెస్ట్ శిఖరం మీద నీళ్లు దాదాపు 70 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. కుతకుతా ఉడుకుతున్నట్టు కనిపించే ఆ నీళ్లలో ఎంతసేపు ఉంచినా కందిపప్పు బద్ద మెత్తబడదు. చాలా దిగువన ఉండే బేస్ క్యాంపు వంటగదిలోనే ప్రెషర్ కుక్కర్ లేనిదే పని జరగదు.

నీళ్లు ఇంత తక్కువ వేడికే మరగడానికి కారణం: 8,848.86 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో మూడో వంతే. ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా అంతే! 8,000 మీటర్లు దాటితే ‘డెత్ జోన్’. అక్కడి గాలికి ఒళ్లు ఎన్నటికీ అలవాటుపడదు. ఆకలి చచ్చిపోతుంది, నిద్ర పట్టదు, నాలుగు అడుగులకే ఆయాసం. అయినా 1978లో రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హేబెలర్ ఆక్సిజన్ సిలిండర్ లేకుండానే శిఖరం చేరి, అది అసాధ్యమన్న నిపుణుల అంచనాను తప్పని తేల్చారు.

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న, 14 ఏళ్లు నిండకుండానే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. ఆ ఘనత సాధించిన బాలికల్లో అతి చిన్నది ఆమే. అక్కడితో ఆగలేదు. 2022లో అలాస్కాలోని డెనాలీతో ఏడు ఖండాల అత్యంత ఎత్తైన శిఖరాలనూ పూర్తిచేసింది.