వెలివాడ గడప తొక్కమన్న కార్డినల్

బతికింది 41 ఏళ్లు. కార్డినల్ టోపీ చేతికొచ్చాక మిగిలింది అయిదు నెలలు. అవీ నిర్బంధంలోనే! అయినా... పుదుచ్చేరిలో ఆయన రాసిన ఓ ఉత్తర్వు పెళ్లిపందిట్లోని తాళిబొట్టు నుంచి ఊరి చివరి గుడిసె దాకా అన్నింటినీ తాకింది.

మన శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో కతోలిక క్రైస్తవుల పెళ్లికి వెళ్లారనుకోండి. చాలాచోట్ల వరుడు తాళి కడతాడు. దగ్గరికెళ్లి చూస్తే ఆ పుస్తె మీద చిన్న శిలువ గుర్తు! తాళి ఈ నేల ఆచారం. శిలువ ఆ మతానికి గుర్తు. రెండూ ఒకే తాడుకి చేరడం మనకిప్పుడు వింతేం కాదు. కానీ పుస్తె మీద ఏ బొమ్మ ఉండాలన్న విషయం మీద 300 ఏళ్ల కిందట రోమ్ దాకా పంచాయితీ నడిచిందంటే నమ్ముతారా? ఆ పంచాయితీలో మొదటి తీర్పు చెప్పిన పెద్దమనిషి... కార్లో తొమ్మాసో ద టూర్నోన్.

ఓడ దిగిన దూత

టూర్నోన్ 1668 డిసెంబరు 21న ఇటలీలోని ట్యూరిన్‌లో పుట్టారు. సవోయ్ ప్రాంతానికి చెందిన పెద్ద కుటుంబం వాళ్లది. 1701లో పోప్ పదకొండో క్లెమెంట్ ఆయన్ని తన ప్రతినిధిగా ఎంపిక చేశారు. ఇండియా, చైనాల్లోని మతప్రచారకుల మధ్య ముదిరిన వివాదాన్ని తేల్చి రమ్మన్నారు. నెలల తరబడి సముద్రం మీద ప్రయాణించి 1703 నవంబరు 6న పుదుచ్చేరిలో దిగారాయన.

ఏమిటా వివాదం? అప్పట్లో మదురై, మైసూరు ప్రాంతాల్లో జెస్యూట్ ఫాదర్లు పనిచేసేవారు. పుదుచ్చేరి నుంచి 'కర్ణాటక మిషన్' పేరుతో తెలుగు సీమలోకీ వచ్చారు. పుంగనూరు వాళ్ల తొలి మజిలీల్లో ఒకటి. ఈ ఫాదర్లు సన్యాసుల్లా కాషాయం కట్టారు. మాంసం మానేశారు. తాళి, నుదుటి బొట్టు, స్నానాలు... ఇలా ఇక్కడి ఆచారాలను చాలావరకు అలాగే ఉండనిచ్చారు. మతం మారినంత మాత్రాన బంధువుల్నీ, ఊరునీ వదులుకోనక్కర్లేదన్నది వాళ్ల వాదన.

బాగానే ఉంది. మరి కులం? అదీ అలాగే ఉండిపోయింది! అసలు చిక్కు అక్కడే. అంటరానివారుగా చూసే కులాల ఇళ్లకు ఫాదర్ వెళితే, అగ్రకులాల వాళ్లు ఆయన్ని తమ గుమ్మం ఎక్కనివ్వరు. అందుకే వెలివాడలో రోగి చావుబతుకుల్లో ఉన్నా ఫాదర్ గుడిసెలో అడుగు పెట్టేవారు కాదు. రోగినే బయటికి మోసుకురావాల్సి వచ్చేది.

మూడు రోజుల ముందు...

పుదుచ్చేరిలో టూర్నోన్ ఉన్నది ఎనిమిది నెలలు. అందులో చాలాకాలం అనారోగ్యమే. లోపలి పల్లెలకు వెళ్లలేకపోయారు. జెస్యూట్ పెద్దలు బూషే, బెర్తోల్దీలను పిలిచి వివరాలు అడిగారు. చివరికి 1704 జూన్ 23న ఉత్తర్వు సిద్ధమైంది. దాన్ని బయటపెట్టింది మాత్రం జులై 8న. అంటే ఆయన ఓడ ఎక్కడానికి సరిగ్గా మూడు రోజుల ముందు!

పిళ్లైయార్ బొమ్మ ఉన్న తాళి వద్దు, శిలువో మరియమ్మ రూపమో ఉన్నది కట్టుకోండి అన్నారు. పసుపు పూసిన 108 పోగుల తాడు కూడదన్నారు. పెళ్లిలో కొబ్బరికాయ కొట్టి శకునం చూడొద్దన్నారు. నెలసరి రోజుల్లో ఆడవాళ్లను చర్చికి దూరంగా ఉంచొద్దన్నారు. వీటన్నింటితో పాటు మరో మాట... వెలివాడలో రోగి ఉంటే ఫాదర్ ఆ ఇంటికి వెళ్లి తీరాలి!

ఊళ్లు చూడకుండా ఆచారాల మీద తీర్పు చెప్పారని జెస్యూట్లు నొచ్చుకున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కొబ్బరికాయను, పసుపుతాడును అర్థం చేసుకోవడానికి ఎనిమిది నెలలు చాలవు. కానీ గుడిసెలో మూలిగే మనిషి దగ్గరికి వెళ్లాలని చెప్పడానికి అంతకాలం అక్కర్లేదు కదా!

నిర్బంధంలో ఎర్రటోపీ

అక్కడి నుంచి టూర్నోన్ చైనా వెళ్లారు. 1705 డిసెంబరు 31న చక్రవర్తి కాంగ్‌షీ ఆయనకు దర్శనమిచ్చారు. పెద్దల పేరిట చేసే పూజల దగ్గర పేచీ వచ్చింది. క్రైస్తవులు వాటిని మానుకోవాలంటూ 1707 జనవరిలో టూర్నోన్ ఆజ్ఞ జారీ చేశారు. చక్రవర్తికి కోపం వచ్చింది. ఆయన్ని మకావ్‌కి పంపించేశారు. అక్కడ పోర్చుగీసు వాళ్లు కాపలా పెట్టి ఇంట్లోనే బంధించారు.

1707 ఆగస్టు 1న రోమ్‌లో పోప్ ఆయన్ని కార్డినల్‌గా ప్రకటించారు. కార్డినల్ అంటే పోప్ తర్వాత అంతటి హోదా. కొత్త పోప్‌ను ఎన్నుకునేదీ కార్డినళ్లే. విశ్వాసం కోసం రక్తం చిందించడానికైనా సిద్ధమన్నదానికి గుర్తుగా ఎర్రని దుస్తులు వేసుకుంటారు. ఆ ఎర్రటోపీ మకావ్ చేరేసరికి 1710 జనవరి అయింది. జూన్ 8న నిర్బంధంలోనే ఆయన కన్నుమూశారు.

ఉత్తర్వు మీద వాదనలు మాత్రం మరో 34 ఏళ్లు సాగాయి. 1744లో పోప్ పద్నాలుగో బెనెడిక్ట్ తుది తీర్పు ఇచ్చారు. టూర్నోన్ మాటే నిలిచింది... సగం! వెలివాడలకు వెళ్లడానికి వేరే ఫాదర్లను పెట్టడానికి ఒప్పుకున్నారు. గుడిసె తలుపు తెరుచుకుంది గానీ, గోడ అలాగే ఉంది.

మన దాకా...

మన ఉత్తరాంధ్రకు కతోలిక మిషన్ వచ్చింది 1846లో. విశాఖపట్నంలో అడుగుపెట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీలు ఆనెసీ పట్టణం నుంచి వచ్చారు. అది ఏ ప్రాంతమో తెలుసా? టూర్నోన్ పూర్వీకుల సవోయ్! ఆ విశాఖ డయాసిస్ నుంచే 1993లో శ్రీకాకుళం డయాసిస్ ఏర్పడింది.

మరి ఆ గోడ సంగతి? కర్నూలు ప్రాంతంలోని చిందుకూరులో 1961లో ఓ దళిత కుటుంబంలో పుట్టిన పూల ఆంథోనీ ఫాదర్ అయ్యారు. 2008లో కర్నూలు బిషప్, 2020లో హైదరాబాద్ ఆర్చిబిషప్‌గా నియమితులయ్యారు. 2022 ఆగస్టు 27న రోమ్‌లో పోప్ ఫ్రాన్సిస్ ఆయన తలమీద ఎర్రటోపీ ఉంచారు. తెలుగువారిలో తొలి కార్డినల్ ఆయనే. దళితుల్లోనూ ఆయనే తొలి కార్డినల్. 2025 మేలో కొత్త పోప్‌ను ఎన్నుకోవడానికి ఓటు వేసిన వారిలో ఆయనా ఉన్నారు.

వెలివాడ గడప తొక్కమని ఓ దూత చెప్పిన 318 ఏళ్లకు... ఆ గడప దాటి ఓ కార్డినల్ వచ్చారు!